వంటింటి వల్ల బతికిన యాపిల్: రెండు శతాబ్దాల బ్రామ్లీ

బ్రిటన్‌లో పండ్లు, కూరగాయలు అమ్మే ఏ షాపులోకి వెళ్లినా మిగతా యాపిల్స్‌కు కాస్త ఎడంగా ఒక రకం కనిపిస్తుంది. పెద్ద కాయ, ఆకుపచ్చ రంగు, ఎండ తగిలిన వైపు కొద్దిగా ఎర్రటి చారలు, ఒక పక్కకు ఒరిగినట్టుండే ఆకారం. కొన్నాళ్లు నిలవుంటే తొక్క నూనె రాసినట్టు జిడ్డుగా తయారవుతుంది. తెలియక కొని కొరికితే పళ్లు పులిసిపోతాయి. అది కొరుక్కు తినే పండు కాదు, వండుకునే కాయ. పేరు బ్రామ్లీ, పూర్తి పేరు బ్రామ్లీస్ సీడ్లింగ్. ఆ దేశంలో తోటల లెక్కన పండిస్తున్న వంట యాపిల్ అంటే దాదాపుగా ఇదొక్కటే.

1809లో వేసిన ఒక గింజ నుంచి వచ్చిన రకం ఇది. అంత పాత రకం ఇవాళ్టికీ సూపర్‌మార్కెట్లో దొరకడం చిన్న విషయం కాదు. దాని తోటి రకాలు వందల్లో కనుమరుగయ్యాయి, లేదా సంరక్షణ కేంద్రాల్లో ఒకటి రెండు చెట్లుగా మిగిలాయి. బ్రామ్లీ ఒక్కటీ ఎందుకు నిలిచిందో చూస్తే, పాత పంటల రకాలను కాపాడుకోవాలని మనం అంటున్నప్పుడు అసలు దేన్ని కాపాడాలో కొంత స్పష్టమవుతుంది. చెట్టుకు కంచె కట్టి పలక పెట్టడం మంచిదే. కానీ ఒక రకం బతకాలంటే దాన్ని ఎవరో ఒకరు వారం వారం కొని, కోసి, పొయ్యి మీద పెట్టాలి. బ్రామ్లీకి ఆ అదృష్టం దక్కింది. ఇప్పుడు ఆ అదృష్టమే మెల్లగా తరుగుతోంది.

ఇంగ్లండ్ నడిబొడ్డున నాటింగమ్‌షైర్‌లో సౌత్‌వెల్ అనే చిన్న ఊరు ఉంది. పెద్ద పాత చర్చి, దాని చుట్టూ అల్లుకున్న వీధులు. అక్కడ చర్చి స్ట్రీట్‌లోని ఒక ఇంటి పెరట్లో మేరీ ఆన్ బ్రెయిల్స్‌ఫోర్డ్ అనే అమ్మాయి 1809లో యాపిల్ గింజలు నాటింది. మొలకెత్తిన వాటిలో ఒకటి చెట్టయింది. 1846లో ఆ ఇల్లు మాథ్యూ బ్రామ్లీ అనే మాంసం వ్యాపారి చేతికి వచ్చింది. ఇంటితో పాటే చెట్టూ వచ్చింది. పదేళ్ల తర్వాత, 1856లో, హెన్రీ మెర్రీవెదర్ అనే పదిహేడేళ్ల కుర్రాడి కంట ఆ కాయలు పడ్డాయి. అతను నర్సరీ పని చేసేవాడు. ఈ చెట్టు నుంచి కొమ్మలు కోసుకుని అంట్లు కట్టి అమ్ముకుంటానని అడిగాడు. సరే తీసుకో, కానీ దానికి నా పేరే పెట్టాలి అన్నాడట బ్రామ్లీ.

అలా గింజ వేసిన పిల్ల పేరు పోయి, ఇంటి కాగితాల్లో ఉన్నవాడి పేరు నిలిచింది. కొమ్మలు మోసి, అంట్లు కట్టి, ఊరూరా తిప్పిన మెర్రీవెదర్ పేరు కూడా తోటల వాళ్లకు తప్ప పెద్దగా తెలియదు. ఇది అన్యాయమే. వ్యవసాయ చరిత్రలో ఇలాంటివి కోకొల్లలు. విత్తనం దాచిన ఆడవాళ్లు, మొక్కను గుర్తుపట్టిన కూలీలు, వీళ్ల పేర్లు ఏ రకం మీదా కనిపించవు. ఈ కథలో కనీసం మేరీ ఆన్ పేరైనా రికార్డుల్లో మిగిలింది. ఇప్పుడు సౌత్‌వెల్ జనం ఆ పేరును గౌరవంగా తలుచుకుంటారు.

మెర్రీవెదర్ లెక్కల పుస్తకంలో ఈ రకానికి సంబంధించిన మొదటి అమ్మకం 1862 అక్టోబరు 31న నమోదైంది. మూడు బ్రామ్లీలు, రెండు షిల్లింగులు, కొన్నది అప్టన్ హాల్‌లో ఉండే జార్జ్ కూపర్. నర్సరీవాడి పద్దు కాబట్టి అవి కాయలు కాదు, మొక్కలే అనుకోవడం సబబు. 1876 డిసెంబరు 6న తోటల పెంపకానికి సంబంధించిన రాయల్ హార్టికల్చరల్ సొసైటీ అనే సంఘంలోని పండ్ల కమిటీ దీన్ని ప్రత్యేకంగా మెచ్చుకుంది. అది విక్టోరియా రాణి కాలం. యాపిల్ మీద ఇంగ్లిష్ వాళ్లకు విపరీతమైన మోజు ఉన్న రోజులు. పెద్ద బంగళాల తోటమాలులు కొత్త రకాల కోసం పోటీలు పడేవారు. 1883లో లండన్ దగ్గర చిజ్విక్‌లో యాపిల్ కోసమే ఒక జాతీయ సభ పెట్టి, దేశం నలుమూలల నుంచి రకాలు తెప్పించి, పేర్లు సరిచూశారు. అంత పోటీలో ఒక చిన్న ఊరి పెరటి చెట్టు నెగ్గుకొచ్చింది.

గింజ వేస్తే చెట్టు వస్తుంది, ఇందులో గొప్పేముంది అనిపించవచ్చు. యాపిల్ విషయంలో గొప్పే ఉంది. యాపిల్ పువ్వు సాధారణంగా తన పుప్పొడితో తాను కాయ కట్టదు. వేరే రకం చెట్టు పుప్పొడి కావాలి. దాంతో ప్రతి కాయలోని ప్రతి గింజా రెండు వేర్వేరు చెట్ల సంకరం అవుతుంది. ఒకే కాయలోని అయిదు గింజలు నాటితే అయిదు రకాల చెట్లు వస్తాయి. వాటిలో చాలావరకు చిన్న కాయలు, వగరు కాయలు, పనికిరాని కాయలు. కొత్త రకం కోసం పనిచేసే శాస్త్రవేత్తలు వేల మొక్కలు పెంచి, ఏళ్ల తరబడి చూసి, ఒకటో రెండో ఎంచుకుంటారు. మేరీ ఆన్ నాటిన గుప్పెడు గింజల్లో ఒకటి రెండు వందల ఏళ్లు నిలిచే రకం కావడం అరుదైన సంగతి.

ఆ చెట్టు మళ్లీ అలాగే రావాలంటే గింజ పనికిరాదు, అంటు కట్టాల్సిందే. ఇది తెలుగువాళ్లకు కొత్త కాదు. బంగినపల్లి టెంక పాతితే బంగినపల్లి వస్తుందని మన రైతెవరూ నమ్మడు, అంటు మొక్కే తెచ్చుకుంటాడు. బ్రామ్లీ సంగతీ అంతే. సౌత్‌వెల్ చెట్టు నుంచి కోసిన పుల్లను వేరే మొక్క మొదలు మీద అతికించారు. ఆ చెట్టు పెరిగాక దాని పుల్ల ఇంకో మొదలు మీదికి వెళ్లింది. ఇలా చేతులు మారుతూ 1856 నుంచి ఇప్పటిదాకా వచ్చింది. ఇంగ్లండ్‌లోని కెంట్ తోటల్లో ఉన్నా, ఉత్తర ఐర్లండ్‌లో ఉన్నా, జపాన్‌లో నగానో ప్రాంతపు ఒబుసె పట్టణంలో ఉన్నా, ప్రతి బ్రామ్లీ చెట్టు జన్యుపరంగా మేరీ ఆన్ పెరట్లోని చెట్టే. దాని సంతానం అనడం కూడా సరికాదు. ఒకే చెట్టు దేశాలు దాటి పరుచుకుందని అనాలి.

కాబట్టి పాత యాపిల్ రకం అనేది ఒక జాతి కాదు, విత్తనాల సంచిలో దాచిపెట్టగలిగేదీ కాదు. వరి, జొన్న లాంటి పంటల్లో గింజలు ఎండబెట్టి చల్లటి గదిలో ఉంచితే రకం ఏళ్లకేళ్లు భద్రంగా ఉంటుంది. యాపిల్‌లో ఆ సౌకర్యం లేదు. ఎక్కడో ఒకచోట పచ్చటి కొమ్మ ఉండాలి, దాన్ని అంటు కట్టడం తెలిసిన చెయ్యి ఉండాలి. ఒక తరం వాళ్లు మనకెందుకులే అనుకుంటే చాలు, రకం అంతరించిపోతుంది.

బ్రామ్లీకి ఇంకో చిక్కు కూడా ఉంది. మామూలు యాపిల్ కణంలో 34 క్రోమోజోములు, అంటే 17 చొప్పున రెండు సెట్లు ఉంటాయి. బ్రామ్లీలో 51 ఉంటాయి. మూడు సెట్లన్నమాట. ఇలాంటి వాటిని ట్రిప్లాయిడ్ అంటారు. తల్లి చెట్టో తండ్రి చెట్టో సగం ఇవ్వాల్సిన చోట పొరపాటున మొత్తం ఇచ్చేసినప్పుడు ఇలా జరుగుతుంది. దీనివల్ల లాభాలున్నాయి. చెట్టు బలంగా, విశాలంగా పెరుగుతుంది. ఆకు దళసరిగా ఉంటుంది, కాయ పెద్దదవుతుంది. కానీ మూడు సెట్లను సమానంగా రెండుగా పంచడం కుదరదు కనుక పుప్పొడి చాలావరకు పనికిరాకుండా పోతుంది. బ్రామ్లీ ఇంకో చెట్టుకు పుప్పొడి ఇవ్వలేదు. దానికి మాత్రం పుప్పొడి కావాలి. అందుకే తోటలో దాని పక్కన కనీసం రెండు వేరే రకాలు నాటుతారు. ఆ రెండూ బ్రామ్లీకి ఇవ్వడమే కాక ఒకదానికొకటి ఇచ్చుకోవాలి కదా. జేమ్స్ గ్రీవ్, వూస్టర్ పియర్‌మెయిన్, గ్రెనడియర్ లాంటివి ఈ పనికి వాడతారు. ఒక్కోసారి వరసల మధ్య అడవి యాపిల్ చెట్లు పెడతారు.

ఈ కారణంగానే బ్రామ్లీ నుంచి కొత్త రకాలు పుట్టించడం కూడా బహు కష్టం. సంకరానికి ప్రయత్నిస్తే పనికొచ్చే మొలకలు తక్కువ వస్తాయి. ఎప్పుడైనా కొమ్మలో దానంతటదే మార్పు రావచ్చు. 1913లో సౌత్‌వెల్‌లోనే ఎర్ర తొక్కతో ఉండే ఒక కొమ్మ కనిపించింది, దాన్ని క్రిమ్సన్ బ్రామ్లీ అని వేరుగా పెంచారు. అంతకుమించి ఈ చెట్టుకు వారసులు లేనట్టే లెక్క. తన గుణాలను పిల్లలకిచ్చి వెళ్లిపోయే దారి దానికి దాదాపుగా మూసుకుపోయింది. మనుషులు అంటు కడుతున్నంత కాలమే ఉంటుంది.

మరి అంత శ్రమపడి ఎందుకు కట్టారంటే, వండినప్పుడు అది చేసే పని మరే యాపిలూ చేయదు. బ్రామ్లీలో పులుపునిచ్చే మాలిక్ ఆమ్లం ఎక్కువ, చక్కెర తక్కువ. విటమిన్ సి కూడా మామూలు యాపిల్ కంటే ఎక్కువే. తీపి యాపిల్‌ను వండితే దాని రుచి వేడికి చప్పబడిపోతుంది. చక్కెర మిగులుతుంది కానీ యాపిల్ వాసన, పులుపు మాయమవుతాయి. బ్రామ్లీ పులుపు ఉడికినా పోదు. పైన చక్కెర వేసినా, వెన్న వేసినా, లోపలి నుంచి ఆ పులుపు పైకి తెలుస్తూనే ఉంటుంది.

రెండో విషయం గుజ్జు. గోల్డెన్ డెలీషస్ అనే తీపి రకం ముక్కలు ఎంత ఉడికించినా ముక్కలుగానే ఉంటాయి. అందుకే ఫ్రాన్స్‌లో యాపిల్ టార్ట్ మీద పలచటి ముక్కలు అందంగా వరసలు తీరి కనిపిస్తాయి. బ్రామ్లీ ముక్కను వేడి మీద పెడితే కొద్ది నిమిషాల్లో కణాలు ఒకదాన్నుంచి ఒకటి విడిపోయి నురుగులా పొంగుతుంది. కలపకుండానే మెత్తటి గుజ్జయిపోతుంది. ఆమ్లం ఎక్కువగా ఉండడం కూడా ఇందుకు తోడ్పడుతుంది. ఇంగ్లిష్ వాళ్ల యాపిల్ పై (పిండి పొరల మధ్య కూరి కాల్చేది), క్రంబుల్ (పైన పొడిపొడి పిండి చల్లి కాల్చేది), పంది మాంసంతో వడ్డించే యాపిల్ సాస్ అన్నీ ఈ గుజ్జు మీద ఆధారపడినవే. కాయ మధ్యలో గింజల భాగం తొలిచేసి, ఎండుద్రాక్ష, బెల్లం రంగు చక్కెర కూరి, ముక్కలు చేయకుండా ఓవెన్‌లో కాల్చడం ఇంకో పద్ధతి. కాయ అంచులు పగిలి లోపలిది పొంగి బయటికి వస్తుంది. వేరే రకంతో చేస్తే అది యాపిల్ వంటకమే కావచ్చు, కానీ ఆ వంటకం కాదు.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. ఇవాళ మనం వారసత్వ రకం అని మెచ్చుకుంటున్న బ్రామ్లీ తన కాలంలో ఎన్నో పాత రకాలను తోసేసింది. విక్టోరియా కాలపు వంటింట్లో వంట యాపిల్స్ ఒకటి కాదు, పదుల్లో ఉండేవి. ఆగస్టులో కెజిక్ కాడ్లిన్, ఆ తర్వాత పీస్‌గుడ్స్ నాన్‌సచ్, శీతకాలానికి న్యూటన్ వండర్, ఆనీ ఎలిజబెత్, డ్యూమెలోస్ సీడ్లింగ్. ఒక్కోదానికి ఒక్కో నెల, ఒక్కో పని. కొన్ని నురుగులా అయ్యేవి, కొన్ని ముక్కగా నిలిచేవి, కొన్నింటికి చక్కెర అక్కర్లేదు. డ్యూమెలోస్ సీడ్లింగ్ ఒకప్పుడు దేశమంతా పేరున్న వంట యాపిల్. దిగుబడిలో, కాయ సైజులో, నిలవలో బ్రామ్లీ దాన్ని మించింది. రైతులు ఆ వైపు మళ్లారు. వ్యాపారులకు కూడా పది రకాల పేర్లు గుర్తుపెట్టుకోవడం కన్నా ఒకటి అమ్మడం తేలిక. ఇప్పుడు ఆ మిగతా రకాలు చూడాలంటే కెంట్‌లో ఫావర్‌షమ్ దగ్గరున్న బ్రాగ్డేల్‌కు వెళ్లాలి. బ్రిటన్ జాతీయ పండ్ల సేకరణ అక్కడుంది, రెండు వేలకు పైగా యాపిల్ రకాల చెట్లు పెంచుతున్నారు. అమూల్యమైన పని. అయినా అక్కడున్న చెట్ల పేర్లు చదువుతుంటే ఏ రకం ఎందుకు అక్కడికి చేరిందో తెలిసిపోతుంది: దాన్ని వండే ఇల్లు లేకుండా పోయింది.

బ్రామ్లీ విస్తరణకు రెండు చోట్ల నుంచి సాయం అందింది. ఒకటి ఉత్తర ఐర్లండ్‌లోని ఆర్మా కౌంటీ. 1884లో అక్కడి క్రానగేల్ ఎస్టేట్ యజమాని మెర్రీవెదర్ దగ్గర 60 మొక్కలు కొని తెచ్చాడు. అక్కడి నేల, తడి వాతావరణం ఈ చెట్టుకు అచ్చొచ్చాయి. కొద్ది దశాబ్దాల్లో ఆర్మా అంటే బ్రామ్లీ, బ్రామ్లీ అంటే ఆర్మా అన్నట్టయింది. చల్లటి, పొట్టి వేసవి వల్ల కాయ గట్టిగా, మరింత పుల్లగా వస్తుందని అక్కడి రైతులు గర్వంగా చెప్పుకుంటారు. 2012లో ఆర్మా బ్రామ్లీకి యూరోపియన్ యూనియన్ భౌగోళిక గుర్తింపు రక్షణ కూడా దొరికింది.

రెండోది కేంబ్రిడ్జ్‌లోని పరిశోధనశాల. 1920లలో ఫ్రాంక్లిన్ కిడ్, సిరిల్ వెస్ట్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు, కోసిన తర్వాత కూడా పండు శ్వాస తీసుకుంటూనే ఉంటుందనే విషయం మీద పనిచేశారు. చుట్టూ ఉన్న గాలిలో ఆక్సిజన్ తగ్గించి కార్బన్ డయాక్సైడ్ పెంచితే ఆ శ్వాస నెమ్మదిస్తుంది, పండు ఆలస్యంగా ముదురుతుంది. ఉత్త చల్లదనం అన్ని రకాలకూ సరిపోదు. బ్రామ్లీని సున్నా డిగ్రీల దగ్గర ఉంచితే లోపల గోధుమరంగు తిరిగి పాడవుతుంది. నాలుగు డిగ్రీల ప్రాంతంలో ఉంచాలి. ఆ వేడిమిలో మామూలు గది అయితే త్వరగా పండిపోతుంది. గాలిని మార్చడం ఈ చిక్కును విప్పింది. కార్బన్ డయాక్సైడ్ బాగా ఎక్కువగా ఉన్నా ఈ రకం తట్టుకుంటుంది. గాలి చొరబడని గదిలో కాయలు నింపి మూస్తే, వాటి శ్వాసే కావలసిన గాలిని తయారు చేస్తుంది. 1929లో కెంట్‌లోని కాంటర్బరీ దగ్గర ఒక రైతు ఇలాంటి మొదటి వాణిజ్య గిడ్డంగి కట్టించాడు. సెప్టెంబరు, అక్టోబరుల్లో కోసిన బ్రామ్లీ మరుసటి వేసవి దాకా అమ్మగలిగేలా అయింది.

ఈ పరిశోధన ఫలం ఇంగ్లండ్‌తో ఆగలేదు. ఇవాళ సిమ్లా, కశ్మీర్ ప్రాంతాల్లో నిలవ చేసిన యాపిల్స్ ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్ బాటసింగారం మార్కెట్‌కు గట్టిగా, తాజాగా వస్తున్నాయంటే కారణం ఇలాంటి గాలి నియంత్రిత గిడ్డంగులే. పుల్లటి ఒక ఇంగ్లిష్ యాపిల్‌ను ఏడాదంతా అమ్ముకోవాలన్న అవసరం కూడా ఆ శాస్త్రానికి దారి వేసింది.

అసలు చెట్టు ఏమైంది? 1900 ప్రాంతంలో వచ్చిన పెద్ద గాలివానకు అది కూలిపోయింది. అంతటితో కథ ముగియాల్సింది. నేల మీద పడిన కొమ్మ వేళ్లూని మళ్లీ నిలబడింది. ఇంకో వంద ఏళ్లకు పైగా కాయలు కాసింది. 2002లో ఎలిజబెత్ రాణి పాలన స్వర్ణోత్సవం సందర్భంగా బ్రిటన్‌లోని 50 గొప్ప చెట్లలో ఒకటిగా దాన్ని ఎంపిక చేశారు. 2009లో రెండు వందల ఏళ్ల పండుగకు సౌత్‌వెల్ చర్చిలో రంగుల గాజు కిటికీ పెట్టారు. కానీ అప్పటికే చెట్టును హనీ ఫంగస్ పట్టుకుంది. ఇది నేలలో నల్లటి దారాల్లా పాకి, వేళ్లలోకి చొచ్చుకుని, బెరడు కింద నుంచి చెట్టును తినేసే శిలీంధ్రం. పట్టిన చెట్టుకు మందు లేదు. 2016 నాటికి చెట్టు చనిపోతోందని వార్తలు వచ్చాయి. తర్వాత నాటింగమ్ ట్రెంట్ యూనివర్సిటీ చెట్టున్న తోటను, దాన్ని ఆనుకున్న ఇళ్లను తన సంరక్షణలోకి తీసుకుంది. చెట్టును బతికించడం ఎవరి వల్లా కాదు కనుక, ఉన్నంతకాలం దానికి ఇబ్బంది లేకుండా చూడడమే ఇప్పుడు చేయగలిగింది.

దీనికి ముందే, 1990ల మొదట్లో, నాటింగమ్ యూనివర్సిటీలో ప్రొఫెసర్ ఎడ్వర్డ్ కాకింగ్ బృందం ఇంకో పని చేసింది. అసలు చెట్టు చిగుళ్లు తెచ్చి వాటిని ల్యాబ్‌లో పెంచే టిష్యూ కల్చర్ పద్ధతిలో మొక్కలు చేసింది. మన దగ్గర అరటి రైతులకు ఈ మాట బాగా తెలుసు. అంటు చెట్టుకు కింద వేరు ఒకరిది, పైన కొమ్మ ఇంకొకరిది. టిష్యూ కల్చర్ మొక్కకు వేరు కూడా తనదే. అంటే మేరీ ఆన్ చెట్టు ఎలా తన వేళ్ల మీద తాను నిలబడిందో అవీ అలాగే నిలబడతాయి. వాటిని యూనివర్సిటీ ఆవరణలో నాటారు.

శాస్త్రీయంగా చూస్తే అసలు చెట్టు చనిపోవడం వల్ల బ్రామ్లీకి వచ్చే నష్టమేమీ లేదు. లక్షల చెట్లు ఉన్నాయి, అవన్నీ అదే చెట్టు. అయినా జనం బాధపడ్డారు, వార్తాపత్రికలు రాశాయి. ఆ బాధను తప్పు పట్టలేం. రెండు శతాబ్దాలు ఒకే చోట నిలబడిన చెట్టుకు జన్యువులకు మించిన విలువ ఉంటుంది. కాకపోతే జనం చూపంతా ఆ ఒక్క చెట్టు మీదే నిలిచినప్పుడు, తోటల్లో జరుగుతున్నది కంటికి ఆనకుండా పోయింది.

తోటల్లో బ్రామ్లీ విస్తీర్ణం తగ్గుతూ వస్తోంది. 1973లో బ్రిటన్ యూరోపియన్ ఉమ్మడి మార్కెట్లో చేరాక ఫ్రాన్స్ నుంచి గోల్డెన్ డెలీషస్ వెల్లువలా వచ్చింది. దాంతో తినే యాపిల్స్ పండించే ఇంగ్లిష్ రైతులు ముందు దెబ్బ తిన్నారు. బ్రామ్లీకి ఆ పోటీ అంతగా తగల్లేదు. బ్రిటన్, ఐర్లండ్ బయట దాన్ని వాణిజ్యంగా పండించేవాళ్లు దాదాపుగా లేరు కాబట్టి దిగుమతి చేసుకునేందుకు ఎక్కడా లేదు. ఆ రకంగా చాలాకాలం రక్షణ దొరికింది. కానీ కొనేవాళ్లు ఇంగ్లిష్ వంటగదికే పరిమితం కావడం రెండంచుల కత్తి. ఆ వంటగది మారితే కాయకు వేరే గిరాకీ లేదు.

వంటగది మారింది. ఆదివారం కూర్చుని పిండి కలిపి పై చేసే ఇళ్లు తగ్గాయి. తొక్క తీసి, ముక్కలు కోసి, ఓవెన్‌లో గంట పెట్టే తీరిక ఉద్యోగాలు చేసుకునే కుటుంబాలకు లేదు. తీపి కావాలంటే రెడీమేడ్‌గా దొరుకుతుంది. పండ్ల అరలో గాలా, బ్రేబర్న్, పింక్ లేడీ లాంటి కరకరలాడే తీపి రకాలు నిండిపోయాయి. బ్రామ్లీకి ఇప్పుడు పెద్ద ఊతం ఫ్యాక్టరీలే. సాస్, పై లోపలి గుజ్జు, సైడర్ (యాపిల్ రసం పులియబెట్టి చేసే పానీయం) తయారుచేసేవాళ్లు టన్నుల్లో కొంటారు. వాళ్లలో డబ్బా మీద బ్రామ్లీ అని పేరు రాసి అమ్ముకునేవాళ్లకు ఈ కాయ తప్పదు. ఉత్త యాపిల్ అని రాసేవాళ్లకు ఆ మొహమాటం లేదు, చౌకగా దొరికే ఏ గుజ్జైనా వాడొచ్చు. కాబట్టి డబ్బా మీది ఆ ఒక్క పేరు రైతుకు చాలా ముఖ్యం. ఆర్మా రైతులు భౌగోళిక గుర్తింపు కోసం పట్టుబట్టడానికి కారణం ఇదే.

సాగులోనూ సులువైన రకం కాదు. పూత సమయంలో మంచు పడితే తట్టుకోలేదు. వసంతం ముందుగానే వేడెక్కుతున్న ఏళ్లలో పూత తొందరగా వచ్చి, ఆ తర్వాత పడే మంచుకు మాడిపోయే ప్రమాదం పెరుగుతోంది. కాల్షియం తగ్గితే కాయ మీద గుంటలు గుంటలుగా గోధుమరంగు మచ్చలు వస్తాయి, అందుకు వేసవిలో కాల్షియం మందు పిచికారీ చేయాలి. చెట్టు బాగా బలంగా పెరిగే రకం కనుక పొట్టి వేరుమూలం (అంటుకు కింద ఉండే, చెట్టును పొట్టిగా ఉంచే వేరు మొక్క) మీద అంటు కట్టకపోతే అదుపులో ఉండదు. ఈ పొట్టి వేరుమూలాలు కూడా కెంట్‌లోని ఈస్ట్ మాలింగ్ పరిశోధన కేంద్రం చలవే. ఎం9, ఎం26 లాంటి పేర్లు ఇప్పుడు కశ్మీర్, హిమాచల్ రైతుల నోట కూడా వినిపిస్తున్నాయి.

బ్రామ్లీకి కొత్త వంటగదులు దొరకవా? దొరుకుతాయి, కొన్ని దొరికాయి కూడా. పూర్వం ఇండియాలో ఉద్యోగాలు చేసి తిరిగి వెళ్లిన ఇంగ్లిష్ వాళ్లు ఇక్కడి మామిడికాయ పచ్చళ్ల రుచి మరవలేక, మామిడి దొరకని తమ దేశంలో పుల్లటి యాపిల్‌తో అలాంటివి చేసుకున్నారు. వెనిగర్, చక్కెర, అల్లం, ఎండుద్రాక్ష వేసి ఉడికించే ఆ పచ్చడి ఇప్పుడు పూర్తిగా ఇంగ్లిష్ వంటకం అయిపోయింది, ఇప్పటికీ దానికి బ్రామ్లీయే వాడతారు. ఇప్పుడు అదే పని అటు నుంచి జరుగుతోంది. బ్రిటన్‌లో స్థిరపడిన మనవాళ్ల ఇళ్లలో పచ్చిమామిడి దొరకనప్పుడు, దొరికినా ధర చూసి వెనకాడినప్పుడు, బ్రామ్లీ ఆ చోటుకు వస్తోంది.

ఈ కాయ గుణం తెలిస్తే తెలుగు వంటలో బాగా అమరుతుంది. పప్పులో వేయాలంటే కందిపప్పు ముందు ఉడికించేసి, బ్రామ్లీ ముక్కలు చివర్లో వేసి, అయిదారు నిమిషాల్లో దించేయాలి. కుక్కర్లో కలిపి పెడితే ముక్క మిగలదు. పులుపు మామిడికాయ అంత పదునుగా ఉండదు, కొద్దిగా తీపి తగులుతుంది, కారం ఒక రవ్వ ఎక్కువ వేసుకోవచ్చు. పులిహోరకు తురిమి, పోపులో రెండు నిమిషాలు వేయించి అన్నంలో కలిపితే సరిపోతుంది. తురుము నల్లబడకుండా వెంటనే ఉప్పు, పసుపు కలపాలి. మెంతిపొడి, ఆవపొడితో చేసే తురుము పచ్చడి చాలా బాగుంటుంది. ఆవకాయ మాత్రం పెట్టకపోవడమే మంచిది. మామిడి ముక్కకు టెంక పెంకు, పీచు ఉంటాయి, ఏడాది ఊరినా ముక్క గట్టిగా నిలుస్తుంది. బ్రామ్లీలో అవేవీ లేవు, కొద్ది రోజుల్లోనే మెత్తబడుతుంది. ఆ రుచి కావాలంటే కొంచెం చేసుకుని, ఫ్రిజ్‌లో పెట్టి, వారంలోపు తినేయాలి.

పెరడు ఉన్నవాళ్లు చెట్టే పెంచుకోవచ్చు. మట్టి లేకుండా వేళ్లతో అమ్మే మొక్కలు నవంబరు నుంచి మార్చి దాకా నర్సరీల్లో దొరుకుతాయి. కొనేటప్పుడు ఏ వేరుమూలం మీద కట్టిందో అడగాలి. చిన్న పెరటికి ఎం9 గాని ఎం26 గాని సరిపోతుంది. ఎంఎం106 అయితే చెట్టు పెద్దదవుతుంది, అంత చోటు ఉంటేనే తీసుకోవాలి. పుప్పొడి కోసం దగ్గర్లో ఇంకో రెండు రకాలుండాలి. మన పెరట్లోనే ఉండనక్కర్లేదు, పక్కింటి తోటలో యాపిల్ చెట్టో, వీధి చివర అడవి యాపిలో ఉంటే తేనెటీగలే చూసుకుంటాయి. పల్లపు జాగాలో నాటితే రాత్రి చల్లటి గాలి అక్కడే నిలిచి పూతను కాల్చేస్తుంది, కాస్త మెరక చూసుకోవాలి. ఎం9, ఎం26 మీద కట్టిన మొక్క అయితే మూడు నాలుగేళ్లలో కాపు మొదలవుతుంది.